జంగ్లీఘాట్‌కి ఇరవై పెట్టెలు

విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడ నెలకోసారి వెళ్తుందంటారు. ఏ తారీఖున వెళ్తుందో మాత్రం పోర్టు గేటు దాకా వెళ్ళి అడిగినా గట్టిగా చెప్పరు. విమానంలో హాయిగా వెళ్ళొచ్చు కదా అని ఇంట్లో అన్నారు. నాతో ఇరవై పెట్టెలున్నాయి, ఒక్కోదానిలో ఒక బ్యాటరీ ఉంది. బ్యాటరీ పేరు వినగానే విమానం వాళ్ళు ముఖం చిట్లించారు. అందుకని దీపావళి వెళ్ళిన వారానికి, బంక్ క్లాసు టికెట్టు జేబులో పెట్టుకుని, నా అట్టపెట్టెల మీద నేనే కూర్చుని పోర్టులో కాపలా కాశాను. మధ్యాహ్నం రెండింటికి అన్న ఓడ చీకటి పడ్డాక కదిలింది.

పెట్టెల సంగతి చెప్పకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. ఫోను సిగ్నలు అందని సముద్రంలో ఉన్న పడవకి ఉపగ్రహం ద్వారా కబురు చేరవేసే యంత్రాన్ని ఒక ప్రభుత్వ పరిశోధనశాల తయారుచేసింది. కబుర్లు రెండు రకాలు. తుఫాను వస్తోందని ఒకటి, చేపలు ఫలానా చోట ఉన్నాయని ఇంకొకటి. పెట్టె వింటుంది, కూత పెడుతుంది, చూపిస్తుంది, అంతే. పడవలోంచి తిరిగి జవాబు చెప్పే ఏర్పాటు లేదు. దాన్ని తయారుచేసి అమ్ముకునే లైసెన్సు విశాఖ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉన్న నాకు దక్కింది. సంతకాలకి పట్టిన కాలంలో మరో యంత్రం కనిపెట్టొచ్చు. కానీ ఆ పరిశోధనశాలలో వసుంధర గారనే శాస్త్రవేత్త ఉన్నారు. ఆవిడ మా షెడ్డుకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, మా పనివాళ్ళకి టంకం ఎక్కడ పెట్టాలో దగ్గరుండి నేర్పారు. కాగితాల మీది కోపం ఆవిడ మీద చూపించలేకపోయాను.

పెట్టె ఏ భాషలో చూపించాలో మేమే షెడ్డులో కంప్యూటరుతో పెట్టి పంపుతాం. మీట నొక్కి మార్చుకునే వీలు మొదట ఉండేది. తెలియక నొక్కేస్తారని తీసేయించాను. పోర్ట్ బ్లెయిర్ పెట్టెలకి ఏ భాష అన్న ప్రశ్న రాగానే అక్కడి డిగ్నాబాద్ మత్స్యకారుల పెద్ద అప్పన్న ఫోనులో తెగేసి చెప్పాడు. "మా తాత భీమిలి నుంచి ఓడెక్కి వొచ్చినాడు బాబూ. హిందీ బజార్లో అవుతాది. మా పడవలో తెలుగే ఉండాల." నాకు ఒళ్ళు పులకరించింది, ఒప్పుకుంటాను. అయినా జాగ్రత్తకి, అక్కడి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే స్టెల్లా గారిని అడిగాను, కుర్రాళ్ళకి చదవడం వచ్చో రాదో చూడమని. ఆవిడ ఒక వీడియో పంపారు. పదిమంది యువకులు వరసగా నిలబడి, తెర మీది తెలుగు వాక్యాలు గడగడా చదివేశారు. ఇంక సందేహమేముంది?

ఓడలో నా పై బెర్తు మనిషి శ్రీకాకుళం తాపీమేస్త్రీ. పెట్టె చేతబట్టుకున్న నన్ను చూసి జాలిపడ్డాడు. "సార్, మొదటి రోజు తినీయండి. రెండో రోజు తినలేరు. మూడో రోజు ఇంకేటీ మిగలదు." అక్షరాలా అలాగే జరిగింది. వెళ్ళేవాళ్ళు దుప్పటి, నిమ్మకాయలు, గుర్తింపు కార్డు మరిచిపోకండి. క్యాంటీన్లో అన్నం, పప్పు దొరుకుతాయి, రుచి గురించి అడగకండి. నాలుగో రోజు పొద్దున హాడో రేవులో దిగేసరికి నేల కూడా ఊగుతూ కనిపించింది.

స్టెల్లా గారు జీపు తెచ్చారు. బతు బస్తీలో ఇల్లు, నలభై ఏళ్ళుంటాయి, మాట నెమ్మది, బండి నడపడం మాత్రం నెమ్మది కాదు. పోర్ట్ బ్లెయిర్ పేరు మార్చారు కదా అన్నాను. "బోర్డు మీద మార్చారు సార్. నోట్లో మారడానికి టైమ్ లగేగా," అని నవ్వారు. లంబాలైన్‌లో ఒక లాడ్జిలో నన్ను దింపారు. విమానాశ్రయం గోడ పక్కనే, గది శుభ్రంగా ఉంది, విమానం దిగినప్పుడల్లా గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. ఇక్కడ నవంబరులో సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంది. అయిదు తర్వాత ఏదో చూద్దామని పెట్టుకోకండి.

ఆ సాయంత్రమే డిగ్నాబాద్‌లోని చిన్న హాల్లో శిక్షణ. అప్పన్న ముందు వరసలో కూర్చున్నాడు. అరవై దాటినా నిటారుగా ఉన్నాడు. పెట్టె చేతిలోకి తీసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, వెనక్కి తిరిగి అందరినీ గర్వంగా చూశాడు. వెనక వరసల్లో కుర్రాళ్ళు. అందులో అప్పన్న కొడుకు రాజు ఉన్నాడు, పెళ్ళయి రెండేళ్ళు, నవ్వు ముఖం. చేపల జాడ చెప్పే కబురు ఎలా ఉంటుందో ఒకటి పంపించి చూపించాను. రాజు తెర మీది అంకెలు చూసి, తన జీపీఎస్‌లో టకటకా కొట్టి, "హో గయా సార్!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. తుఫాను కబురు కూడా చూపించాను. అర్థమైందా అని అడిగితే అందరూ తలలూపారు. ఎవరికీ ఒక్క సందేహమూ లేదు. నేను పాఠం బాగా చెప్పానని పొంగిపోయాను.

మర్నాడంతా జంగ్లీఘాట్ జెట్టీలో పడవలకి పెట్టెలు బిగించడంతో సరిపోయింది. ఆ తర్వాతి రోజు తెల్లారకముందే రాజు, ఇద్దరు స్నేహితులు డింగీ అనే చిన్న ఇంజను పడవ వేసుకుని దక్షిణంగా సింక్ దీవి వైపు వెళ్ళిపోయారు. రెండు రోజుల వేట. కొత్త పెట్టె వచ్చింది కదా అని పడవలోని పాత వైర్‌లెస్ సెట్టుని అప్పన్న రిపేరుకి ఇచ్చేశాడు. ఆ మాట నాతో సంబరంగా చెప్పాడు, నేనూ సంబరంగానే విన్నాను. ఆ రోజు నేను పాలిటెక్నిక్‌లో పెట్టె మూత విప్పి విద్యార్థులకి బాగుచేయడం నేర్పుతూ గడిపాను. ఒక అమ్మాయి అడిగింది, "సార్, మంచి కబురుకీ చెడ్డ కబురుకీ కూత ఒకటే ఎందుకు?" ఖర్చు తగ్గుతుందని చెప్పాను. రాసుకుంది.

రాజు తిరిగి రావలసిన రోజు మధ్యాహ్నం అప్పన్న నన్ను భోజనానికి పిలిచాడు. స్టెల్లా గారూ వచ్చారు. అప్పన్న కోడలు లక్ష్మి, అంటే రాజు భార్య, కొబ్బరిపాలు పోసి చేపల పులుసు పెట్టింది. మూడు రోజుల ఓడ ఆకలి అప్పుడు తీరింది. పన్నెండున్నర ప్రాంతంలో, అప్పన్న దగ్గర ఉంచిన పెట్టె కూసింది. ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టి, ఎడం చేత్తో పట్టుకుని, ఆయన గట్టిగా చదివాడు.

"తుఫాను హెచ్చరిక. సాయంత్రం నుంచి తూర్పు గాలి. వేగం 55. వెంటనే ఒడ్డుకు చేరండి."

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. "సూసినారా," అన్నాడు అప్పన్న. "ఆకాశం సెప్పక ముందే పెట్టె సెప్పీసింది. రాజుగాడికీ ఈపాటికి వొచ్చుంటాది. మళ్ళిపోయుంటాడు." నాకు వీపు తట్టినట్టు అనిపించింది.

వంటింటి గుమ్మంలో లక్ష్మి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అది తెలుగులో వచ్చిందా మావయ్యా?"

"మరేటిలో వొస్తాది?"

"ఆయనకి తెలుగు పఢ్‌నా రాదు మావయ్యా, చదవలేడు. ముగ్గురికీ రాదు. స్కూల్లో అంతా హిందీయే కదా."

అప్పన్న నవ్వబోయాడు. "ఏటి మాటలు? హాల్లో అందరూ తలకాయలూపినారు."

"మీ ముందర రాదని ఎవరు చెప్తారు?" అంది లక్ష్మి. "ఇంటికొచ్చి నాతో అన్నాడు. అక్షరం పరవా నహీ, నంబర్ చూసుకుని జీపీఎస్‌లో డాలో, చేప మిలేగా అని."

నేను స్టెల్లా గారి వైపు తిరిగాను. ఆవిడ ముఖం పాలిపోయింది. వీడియోలో చదివిన పదిమందీ బతు బస్తీలో ఆవిడ చర్చి పాటల బృందమట. ప్రతి ఆదివారం తెలుగు బైబిలు, తెలుగు పాటల పుస్తకం చదువుతూ పెరిగినవాళ్ళు. "మాకు చర్చిలో వచ్చింది సార్. వీళ్ళకి చదువుకునే జగా ఏదీ? నేను అది సోచ్ నహీ కియా, తట్టలేదు," అన్నారు. ఆవిడని ఏమనను? అడిగింది నేను, నమ్మింది నేను. కంచం పక్కకి జరిపాను.

అప్పన్న తెర వంక చూస్తూ ఉన్నాడు. "అంకె ఉంది కదా," అన్నాడు నెమ్మదిగా. "తూర్పు అని రాసుంది, అది సదవలేరు. యాభై అయిదు సదువుతారు. ఇంకా యాభై అయిదు కిలోమీటర్లు లోపలికెల్లాలనుకుంటారేటి?"

 స్టెల్లా గారు తీర గస్తీ దళం కంట్రోల్ రూముకి ఫోను చేశారు. వైర్‌లెస్‌లో అందరికీ చెబుతున్నామన్నారు, ఒక గస్తీ పడవ ఉత్తరం వైపు ఉంది, దాన్నీ తిప్పి పంపుతామన్నారు, అది చేరడానికి చాలాసేపు పడుతుందనీ చెప్పారు. డింగీలో వైర్‌లెస్ లేదు. రాజు ఫోను మోగనే లేదు. కూత వినే చెవులున్నాయి అక్కడ, చదివే కళ్ళు లేవు.

వసుంధర గారికి ఫోను చేశాను. సంగతి రెండు ముక్కల్లో చెప్పి, హిందీలో ఇంకో కబురు పంపండి అన్నాను. "పంపినా మీ పెట్టె తెలుగులోనే చూపిస్తుంది. భాష దానిలోనే ఉంది కదండీ," అన్నారు. నేను పెట్టించిందే. మీట తీయించిందీ నేనే.

"అంకెలు చదువుతారు," అన్నాను. "జీపీఎస్‌లో కొడతారు. జంగ్లీఘాట్ జెట్టీ అక్షాంశ రేఖాంశాలు చేపల కబురుగా పంపేయండి. వాటిని పట్టుకుని ఇంటికి వస్తారు."

ఆవిడ ఒప్పుకోలేదు. "చేపలు లేని చోట చేపలున్నాయని చెప్పమంటున్నారా? ఈ రోజు వాళ్ళు వస్తారు, నిజమే. రేపు మనం నిజంగా చెప్పినా మిగతా పడవల వాళ్ళు నమ్మరు. అది వేలమంది చూసే కబురు."

నాకు కోపం ముంచుకొచ్చింది. "మేడమ్, ఇక్కడ ఆ అబ్బాయి భార్య నా ఎదురుగా నిలబడి ఉంది," అని అరిచాను. ఆవిడ అరవలేదు. పది నిమిషాలు ఇవ్వండి అని పెట్టేశారు. ఆ పది నిమిషాలు అరగంట అయ్యాయి. కాళ్ళు ఇంట్లో నిలవక అందరం జీపులో జెట్టీకి వెళ్ళాం. ఎండ అప్పటికే పలచబడింది, నీటి రంగు మారింది. అప్పన్న పెట్టెని రెండు చేతులతో పొట్టకి అదుముకుని కూర్చున్నాడు.

ఫోను మోగింది. "వేలమందికి వెళ్ళే దారిలో పంపను. మీ ఇరవై పెట్టెలకి మాత్రమే వెళ్ళే పరీక్ష కబురు ఒకటి ఉంది. పైన 'ఇది పరీక్ష' అని తెలుగులో ఉంటుంది, కింద జెట్టీ అంకెలు. చదివేవాళ్ళకి నిజమే చెప్పినట్టు. డైరెక్టరు గారు మీటింగులో ఉన్నారు, అనుమతి లేదు. నా పేరు మీద పంపుతున్నాను." నేను థాంక్స్ చెప్పేలోగా అప్పన్న చేతిలో పెట్టె కూసింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. అదే కూత, అదే తీరు. పడవలోనూ అలాగే కూసి ఉంటుంది. విన్నారో, ఇంజను మోతలో వినలేదో తెలిసే దారి లేదు.

సింక్ దీవి నుంచి డింగీ రావడానికి మూడు గంటలు పడుతుందన్నారు. ఆ మూడు గంటలూ నేను జెట్టీ చివరిదాకా నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ నడిచాను. వేరే పడవలు ఒకటొకటిగా వచ్చాయి. వచ్చినవాళ్ళని లక్ష్మి ఒకటే అడిగేది, "భయ్యా, ఉన్‌కో దేఖా క్యా?" రట్‌లండ్ దీవి దాటాక చూడలేదని ఒకడు, పొద్దున చూశానని ఒకడు. నాలుగింటికి తూర్పు నుంచి గాలి మొదలైంది. కట్టేసిన పడవలు ఒకదానికొకటి రాసుకుని చప్పుడు చేస్తున్నాయి. అప్పన్న నా వైపు తిరగకుండా సముద్రం వైపే చూస్తున్నాడు. తిట్టినా బాగుండేది.

నాకు భయం వేసింది. నా పెట్టె పని చేయకపోతే నష్టపోతానని ఇన్నాళ్ళూ భయపడ్డాను. అది చక్కగా పని చేసింది, టంకం కూడా ఊడలేదు. అలా పనిచేసీ ముగ్గురిని ముంచుతుందేమో.

వెలుతురు పోతుండగా స్టెల్లా గారు చెయ్యి ఎత్తి చూపించారు. అలల మధ్య ఒక నల్ల చుక్క, కనపడుతోంది, మాయమవుతోంది. చాలాసేపటికి గాని డింగీ అని తెలియలేదు. ముందు భాగంలో ఒకడు నిలబడి ఉన్నాడు, అలలు మీద పడుతున్నా కూర్చోవడం లేదు. రాజు. జెట్టీ ఇంకా దూరంగా ఉండగానే అరవడం మొదలుపెట్టాడు. గాలికి మొదట వినపడలేదు, తర్వాత వినపడింది.

"నాన్నేడీ? లక్ష్మీ, నాన్నేడీ?"

తాడు కూడా కట్టకుండా గట్టు మీదకి దూకాడు. తండ్రి ఎదురుగా కనిపించాక రెండు చేతులతో ఆయన భుజాలు పట్టుకుని చూశాడు. ఒళ్ళంతా తడి, పెదవులు వణుకుతున్నాయి.

"ఏటయింది రా నీకు?" అన్నాడు అప్పన్న.

"నాకేటయింది? మీకేం అయింది? పెట్టెలో మన జెట్టీ నంబర్ వచ్చింది. నాకు జుబానీ, నోటికి తెలుసు కదా ఆ నంబర్. జెట్టీలో చేప ఎక్కడుంటాది? ఘర్ మే కుఛ్ హో గయా, నాన్నకి ఏదో అయింది, రమ్మని పిలుస్తున్నారు అనుకున్నా. వల తెంపేసి వచ్చేశాం."

"అంతకు ముందొచ్చిన కబురు?" అన్నాడు అప్పన్న.

"యాభై అయిదు అని వచ్చింది. ఇంకా అంత దూరం పోదామని డీజిల్ చూసుకుంటున్నాం."

అప్పన్న పెట్టె కొడుకు ముందు పెట్టాడు. వెలుగుతున్న తెర మీద పై వరస చూపించి, "ఇది సదువు," అన్నాడు. రాజు తెర వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, నా వైపు చూశాడు. చుట్టూ పాతికమంది ఉన్నారు. "రాదు నాన్నా," అన్నాడు తల దించుకుని.

కొడతాడేమోనని నేను ఒక అడుగు ముందుకి వేశాను. అప్పన్న భుజం మీది తువ్వాలు తీసి కొడుకు తల తుడవడం మొదలుపెట్టాడు. పెద్దవాడైన కొడుకు చిన్నపిల్లాడిలా తల వంచి నిలబడ్డాడు. వాన అప్పుడే మొదలైంది, ఆయన తుడుస్తూనే ఉన్నాడు. లక్ష్మి గట్టిగా ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది, వానలో ఎవరూ చూడలేదు.

మర్నాడంతా గాలీ వానా. ఆ తర్వాతి పొద్దున జెట్టీలో ఒక బల్ల వేసుకుని, నా కంప్యూటరు తీగ తగిలించి, పెట్టెలన్నీ హిందీకి మార్చాను. అప్పన్న స్వయంగా ఒక్కో పడవకీ వెళ్ళి పెట్టె ఊడదీసి తెచ్చి ఇచ్చాడు. "మరి మీది?" అని అడిగాను. "నాదీ మార్సీయండి," అన్నాడు. "నాకు హిందీ సదవడం రాదు. రాజుగాడి చేత సదివించుకుంటాను. ఆడికి రానిది నాకు తెలిసింది. నాకు రానిదీ ఆడికి తెలియాల కదేటి." అందరిలోకి ఆ మనిషే పెద్దగా కనిపించాడు నాకు.

తిరుగు ప్రయాణం విమానంలో, చేతిలో పెట్టెలు లేవు కాబట్టి. లంబాలైన్ లాడ్జి నుంచి విమానాశ్రయానికి నడిచే వెళ్ళొచ్చు, ఆటో బేరం అక్కర్లేదు. చెన్నైలో దిగి, సాయంత్రం విశాఖ రైలెక్కాను. పొంగలి పొట్లం విప్పుతుండగా వసుంధర గారు ఫోను చేశారు. అనుమతి లేకుండా పంపినందుకు ఆవిడని సంజాయిషీ అడిగారట. "ఏం రాస్తారు?" అన్నాను. "జరిగిందే రాస్తాను. కూతలు రెండు రకాలుగా ఉండాలని కూడా రాస్తాను. మీరు ఖర్చు అనకండి," అన్నారు. అననని చెప్పాను.

పరిశోధనశాల నుంచి మా షెడ్డుకి ఆ పెట్టె రావడానికి రెండేళ్ళు పట్టిందని ఎన్నోసార్లు ఎన్నో చోట్ల విసుక్కున్నాను. పెట్టె బొమ్మలు గీసి ఇచ్చారు, లెక్కలు ఇచ్చారు, పని నేర్పారు. ఇంకేం మిగిలిందని అనుకున్నాను. షెడ్డు నుంచి ఆ డింగీ దాకా ఉన్న దూరం నేను లెక్కలోకే తీసుకోలేదు. అందమైన తెలుగక్షరాలతో తప్పుడు ఇంటికి ఉత్తరం పంపినట్టు పంపాను. ఆ కుర్రాడు తండ్రి మీద బెంగతో తిరిగి వచ్చాడు గాని, నా పెట్టె మాట విని రాలేదు.

రైలు నెల్లూరు దాటాక మా షెడ్డు ఫోర్‌మన్‌కి ఫోను చేశాను. తీయించేసిన మీట మళ్ళీ పెట్టమన్నాను. పెట్టె మొదటిసారి వెలిగినప్పుడు, ఏ భాష కావాలో అదే అడగాలి అన్నాను. "హాల్లో మనమే అడిగి పెట్టేస్తే సరిపోతుంది కదండీ?" అన్నాడు అతను.

"హాల్లో వద్దు," అన్నాను. "అక్కడ నాన్నలుంటారు. పడవలో అడగాలి, వాడొక్కడూ ఉన్నప్పుడు."